తమ్ముడి ఎంగిలి

"నిజం చెప్పు చోల్పోన్. మెలిస్ కాకుండా ఇంకెవరైనా ఉన్నారా?"

సైకాల్ ఆ మాట మెత్తగా అడగలేదు. మెత్తగా అడిగితే మెత్తటి అబద్ధమే వస్తుందని పోలీసు ఉద్యోగం ఆమెకు నేర్పింది. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకుంటున్నా అలవాటు మాత్రం పోలేదు.

చోల్పోన్ ఒళ్ళో పసివాడు పాలు తాగుతూ నిద్రపోయాడు. ఆమె వాడి మూతి తుడిచి, బట్టలు సర్దుకుని తలెత్తింది. "మీరు కూడానా, ఎజె?" అంది. అక్కా అని పిలిచే ఆ పిలుపులో ఈసారి ఆప్యాయత లేదు.

"నేను కూడానే. రేపు పొద్దున కోర్టులో జడ్జి అడిగేది ఇదే. అవతలివాళ్ళ తరఫున తిరుగుతున్న కుబాత్ అడిగించేదీ ఇదే. అక్కడ తడబడే బదులు ఇక్కడ ఏడిచెయ్యి."

"ఏడవను. ఎవరూ లేరు. ముల్లా ముందు నిఖా చేసుకున్నాం. ఆఫీసుకెళ్ళి రిజిస్టరు కూడా చేయిద్దామని నేను పోరుతుంటే, మంచు కరగనీ, కనుమ దారి తెరుచుకోనీ అనేవాడు. దారి తెరుచుకున్న వారమే అతను నడుపుతున్న లారీ లోయలో పడింది. వీడు నా కడుపులోనే ఉన్నాడు."

బల్ల మీద ల్యాబ్ రిపోర్టు ఉంది. సైకాల్ దాన్ని నాలుగైదుసార్లు చదివింది. మెలిస్ మట్టిలో ఉన్నాడు. సమాధి తవ్వండని చెప్పే ధైర్యం నారిన్ జిల్లాలో ఏ జడ్జికీ లేదు. అందుకని చచ్చిపోయినవాడి బదులు అతని తమ్ముడు ఉలాన్ నోట్లోంచి దూదిపుల్లతో ఎంగిలి తీసి, పసివాడి ఎంగిలితో పోల్చారు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే గుర్తు ఒకటి ఉంటుంది. అన్నదమ్ములిద్దరిలో అదే ఉంటుంది, వాళ్ళ మగపిల్లల్లోనూ అదే ఉంటుంది. రిపోర్టు ఒక్క వాక్యంతో ఊరుకుంది. ఉలాన్, ఈ పసివాడు ఒకే మగ వంశం వాళ్ళు కారు.

రేపు కోర్టు ఆ వాక్యాన్ని ఒప్పుకుంటే పసివాడు తిలెక్‌కి తండ్రి ఉండడు. ఈ ఇల్లు మెలిస్ తమ్ముడికి పోతుంది. సైకాల్ మనసు ఎప్పుడూ చెడ్డవైపే ముందు పరిగెడుతుంది. ఈ పిల్ల బిడ్డనెత్తుకుని బస్టాండులో మూటల మీద కూర్చున్నట్టూ, వాడు బళ్ళో మొదటి రోజే నీ బాబెవడ్రా అనిపించుకుని ముక్కు చీదుకుంటూ ఇంటికొచ్చినట్టూ అప్పుడే కళ్ళకు కట్టింది.

"ఒక్కటి ఆలోచించండి" అంది చోల్పోన్. "వీణ్ణి చూసినవాళ్ళంతా మెలిస్ ముఖం ఊడిపడిందంటారు. పురిటి రోజున ఉలాన్ కూడా అన్నాడు. అన్న పోలికలే వదినా, అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ కుబాత్ వాళ్ళింట్లో చేరి ఏం నూరిపోశాడో, నా నీతిని పరీక్ష పెట్టి తేల్చుకుంటామన్నారు. కోర్టు పిలవకముందే ఉలాన్ తనే వెళ్ళి నోరు తెరిచాడు. ఓడిపోతామన్న భయం ఉన్నవాడు అలా వెళ్తాడా?"

సైకాల్ లేచి కోటు వేసుకుంది. "నీ లాయరుకి ఈ ముక్క తట్టలేదు. పుల్ల మారిపోయిందేమో చూసొస్తాను. తలుపు గడియ పెట్టుకో. నేనొచ్చి పిలిచినా గొంతు గుర్తుపట్టాకే తియ్యి."

*

ల్యాబ్ డాక్టరు నడివయసు మనిషి. తెల్లకోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని, సైకాల్ గదంతా కలయజూస్తుంటే చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

కిటికీకి ఇనుప ఊచలు ఉన్నాయి. ఫ్రిజ్‌కి తాళం ఉంది. పుల్లల ప్యాకెట్లు సీలు విప్పనివి. సైకాల్ బల్ల కిందికి కూడా వంగి చూసింది.

"ఎంగిలి తీసింది ఎవరు?"

"నేనే."

"తీశాక ఫోనొచ్చిందనో, ఇంకోటనో గదిలోంచి బయటికెళ్ళారా?"

"వెళ్ళలేదు. అతని ముందే కవరు అంటించి, దాని మీద అతని చేతే సంతకం పెట్టించాను. మీ లాయరు కూడా ఇక్కడే నిలబడి ఆవలిస్తూ చూశాడు. మీరు దొంగని వెతకడానికొస్తే వేరే వీధి చూసుకోండి."

ఫోటో చూపించమంది సైకాల్. డాక్టరు కంప్యూటరు తిప్పింది. ఉలాన్ ఒక చేత్తో పాస్‌పోర్టు పట్టుకుని, గొంతు నొప్పికి చూపించుకునే పిల్లాడిలా నోరు బార్లా తెరిచి ఉన్నాడు. పుల్ల చెంప లోపల ఉంది. అతని వెనకాల తోలుకోటు భుజం ఒకటి, ఆ భుజం తాలూకు చెయ్యి ఉలాన్ వీపు మీద ఉంది.

"ఈ భుజం ఎవరిది?"

"నాదే" అని గుమ్మం వెనక నుంచి జవాబు వచ్చింది. "అప్పుడే మరిచిపోయావా సైకాల్?"

కుబాత్ ఒకప్పుడు పోలీసు కెప్టెను, ఆమెకు పై అధికారి. ఇప్పుడు ఉలాన్ వాళ్ళ తరఫున తిరుగుతున్నాడు. ఎందుకు తిరుగుతున్నావంటే పాత స్నేహం అంటాడు. జుట్టు నెరిసినా నడకలో ఠీవి తగ్గలేదు.

"నన్ను వెంటాడుతున్నావా?" అంది సైకాల్.

"నువ్వు ఎక్కడికెళ్తావో తెలుసుకోవడానికి వెంటాడక్కర్లేదు. పాలగిన్నె కనిపిస్తే అందులో బల్లి పడిందా అని వెతికే మనిషివి. నీతో పనిచేసినన్నాళ్ళూ నాకు అన్నం సయించలేదు."

"సయించకే పొట్ట అంత పెంచావా?"

డాక్టరు పెదవి బిగించి నవ్వాపుకుంది. కుబాత్ ఆమె వంక చూడగానే ఆ నవ్వు కాస్తా చచ్చింది.

"వెతుక్కో" అన్నాడు అతను కుర్చీ లాక్కుని. "ఇక్కడ మోసం లేదు. ఆ కుర్రాడి ఎంగిలి ఆ కుర్రాడిదే. పదిసార్లు తీసినా ఇదే మాట వస్తుంది. నీకు ఇంకో పరీక్ష కావాలంటే జడ్జి ముందు నేనే సరే అంటా."

"మళ్ళీ ఉలాన్ ఎంగిలితోనే?"

"ఇంకెవరితో? వాళ్ళింట్లో మిగిలిన మగవాడు వాడేగా."

డాక్టరు గొంతు సవరించుకుంది. "మగవాళ్ళే కానక్కర్లేదని నేను ఆ రోజే చెప్పాను. పసివాడి నానమ్మ ఉంది. ఆవిడదీ, బిడ్డ తల్లిదీ, బిడ్డదీ కలిపి చూస్తే తేలిపోతుంది."

"డాక్టరుగారూ, కొడుకు పోయిన ముసలామెని పట్టుకొచ్చి నోరు తెరవమంటారా? మీకు తల్లి లేదా?" కుబాత్ గొంతు పెంచలేదు, అయినా డాక్టరు తెల్లకోటు పై బొత్తాం మళ్ళీ తడుముకుంది. "ఆ మాట అప్పుడే తీసి అవతల పారేశాం. మళ్ళీ ఎత్తకండి."

సైకాల్ సంచీ భుజానికి తగిలించుకుంది. కుబాత్ ఆమెతో పాటే బయటికొచ్చి, కారు తలుపు తీస్తుంటే అడ్డంగా నిలబడ్డాడు.

"ఎటు?"

"నువ్వు వద్దన్న వైపు. చూడు కుబాత్, ఇంతసేపు మాట్లాడావు. ఆ పసివాడు మెలిస్ కొడుకు కాదు అని ఒక్కసారి కూడా అనలేదు. పరీక్షలో ఏం వస్తుందో చెప్పావు, అంతే. అది నీకు ముందే తెలుసు."

అతను తెరిచిన తలుపు అంచు మీద వేళ్ళతో దరువు వేశాడు. "మీ అమ్మాయి బేగిమై బిష్కెక్‌లో చదువుతోందిగా. హాస్టలు నుంచి కాలేజీకి ఆ కాలవ గట్టు మీదుగానే నడిచి వెళ్తుందట. ఆడపిల్ల, ఒంటరి దారి. కాస్త చెప్పుకోకూడదూ?"

సైకాల్ లోపల కూర్చుని, అతను వేళ్ళు తీసుకునేదాకా ఆగకుండా తలుపు లాగి మూసింది.

దారిలో కూతురికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడోసారికి కాలవ నీళ్ళూ, గట్టు మీద ఒంటి చెప్పూ కూడా కనిపించడం మొదలెట్టాయి. అప్పుడు మెసేజీ వచ్చింది: క్లాసులో ఉన్నానమ్మా, ఏం కొంప మునిగింది. హాస్టలుకి ఒంటరిగా వెళ్ళకు, పిన్ని ఇంటికి పో, ఎందుకని అడక్కు అని జవాబు కొట్టి, కళ్ళు తుడుచుకుని కారు వేగం పెంచింది.

*

మెలిస్ తల్లి బుబుకాన్‌ని ఊరంతా అమ్మా అన్నట్టు ఆపా అంటారు. ఆమె ఇంట్లో కొడుకు పోయిన నల్లబట్టలు ఇంకా విడవలేదు. ముసలామె గోడవారన పరుపు మీద కూర్చుని ఉంది. కూతురు నూరిపా సమోవర్ పక్కన మోకాళ్ళు మడుచుకుని గిన్నెల్లో టీ పోస్తోంది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, నలభై ఆరేళ్ళొచ్చినా తల్లితోనే ఉండిపోయింది. శత్రువైనా సరే, గడప దాటి వచ్చిన మనిషి రొట్టె ముక్క నోట్లో వేసుకోకుండా మాట మొదలెట్టకూడదు. సైకాల్ తుంచి నోట్లో వేసుకుంది. ఎవరూ ఇంకో ముక్క తీసుకోమనలేదు.

"ఆ పిల్ల పంపిందా?" అంది నూరిపా.

"నేనే వచ్చాను."

"వచ్చావుగా. తిన్నావుగా. ఇక లే."

ఉలాన్ బొగ్గు బకెట్టుతో లోపలికొచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పొడుగరి. సైకాల్‌ని చూసి ముఖం తిప్పుకున్నాడు. పొయ్యిలో బొగ్గు వేసి, మసి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, "ఎజె, నాకూ కొంచెం పొయ్యి, గొంతు ఎండిపోతోంది" అన్నాడు.

నూరిపా పోసింది. గిన్నె అందించేటప్పుడు ఆమె అతని ముఖం చూడలేదు, అతని చేతులు చూసింది. ఆ ఎజె అన్న పిలుపు దగ్గర ఆమె కళ్ళల్లో ఏదో చప్పుడు లేకుండా మూసుకుపోయింది.

సైకాల్ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది.

ఆ చూపు ఆమెకు తెలుసు. సైకాల్‌ని పుట్టిన ఏడాదికే నాయనమ్మ ఒళ్ళో పెట్టారు. పెద్దవాళ్ళు మనవణ్ణో మనవరాలినో తీసుకుని తమ కడుపున పుట్టినట్టే పెంచుకోవడం మన దగ్గర ప్రతి వీధిలో ఉన్నదే. ఆ బిడ్డకు నాయనమ్మే తల్లి, కన్నతల్లి అక్క. ఊరంతటికీ తెలుస్తుంది, ఎవరూ పలకరు, కాగితాల్లో కూడా అలాగే రాయించేస్తారు. సైకాల్ పదేళ్ళొచ్చేదాకా కన్నతల్లిని ఎజె అనే పిలిచింది. పిలిచినప్పుడల్లా ఆవిడ కళ్ళు ఇలాగే మూసుకుపోయేవి.

"ఆపా" అంది సైకాల్. "గొర్రెలకి నీళ్ళు పెట్టారా?"

ఆ ప్రశ్న ఎందుకో ముసలామెకు అర్థమైంది. ఉలాన్‌తో, "వెళ్ళి పెట్టు నాన్నా" అంది. అతను గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి, గొణుక్కుంటూ బయటికి పోయాడు.

"ఉలాన్ పుట్టేనాటికి మీకు వయసెంత?"

"దేవుడు ఆలస్యంగా ఇచ్చాడు."

"యాభై దాటాకనా? నూరిపాకి అప్పుడు పద్దెనిమిది."

నూరిపా చేతిలో గిన్నె సాసర్లో పెట్టింది. "నోరు ముయ్యి. మా ఇంటికొచ్చి, మా రొట్టె తిని, మా అన్నయ్య మట్టి ఇంకా ఆరకుండానే మమ్మల్ని నగ్నంగా నిలబెడతావా?"

"నేను నిలబెట్టలేదు. ఆ పరీక్ష నిలబెట్టింది. ఉలాన్ నీ కొడుకైతే, వాడిలో ఈ ఇంటి మగవాళ్ళ గుర్తు ఉండదు. వాడి తండ్రెవరో ఆ మనిషి గుర్తు ఉంటుంది. రిపోర్టు రాసింది నిజమే నూరిపా. కాకపోతే అది ఉలాన్ సంగతి. దాన్ని తీసుకెళ్ళి చోల్పోన్ నెత్తిన రుద్దారు. రంకుదన్నారు. ఆ పిల్ల ఎవరి తప్పూ మొయ్యడం లేదు, నీ రహస్యం మోస్తోంది."

నూరిపా తలగుడ్డ కొసతో నోరు నొక్కుకుంది.

బుబుకాన్ ఆపా ముందుకి వంగింది. "నన్నేం చెయ్యమంటావు?"

"రేపు కోర్టుకి రండి. నా ఎంగిలి తీసి ఆ పసివాడిదాంతో పోల్చండి అని ఒక్క మాట అడగండి. జడ్జి కాదనలేడు."

"అడుగుతాను. ఎందుకమ్మా, ఉన్న కొడుకు ఉండగా నీ ఎంగిలెందుకు అంటాడు. అప్పుడేం చెప్పను? వాడు నా కొడుకు. నా ఎండిపోయిన రొమ్ము నోట్లో పెట్టి నిద్రపుచ్చాను వాణ్ణి. రేపు ఆ మాట అన్నానా, వాడు జేన్ అయిపోతాడు. ఆడపిల్ల కన్నబిడ్డ, పరాయి వంశంవాడు. రేపట్నుంచి నా చావుకి కూడా వాడు చుట్టంలా వచ్చి పోవాలి."

"అనకపోతే తిలెక్ ఎవరికీ ఏమీ కాడు. మెలిస్‌ది ఈ భూమ్మీద మిగిలింది వాడొక్కడే ఆపా."

ముసలామె రొట్టె మూట మీది గుడ్డను లాగి సరిచేసింది, మళ్ళీ లాగింది. "ఇద్దరూ నా మనవలే" అంది చివరికి, ఎవరితోనో తెలీకుండా. "ఒకణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇంకొకణ్ణి వీధిలోకి నెట్టాను. వాడి చెవులు మా మెలిస్ చెవులు. ఒక్కసారి నా చేతికివ్వమని కూడా అడగలేదు నేను." తల ఎత్తింది. "వస్తాను."

"అమ్మా" అంది నూరిపా.

"వస్తానన్నాను. నువ్వు కూడా వస్తావు."

సైకాల్ మనసు ఇంకా కుదురుగా లేదు. "ఉలాన్‌కి ఈ సంగతి తెలుసా?"

"తెలీదు" అంది నూరిపా. "నాకూ అమ్మకీ తప్ప. నాన్నా, మెలిసూ పోయారు. పురుడు కూడా కనుమ అవతల మా మేనత్త ఇంట్లో పోశారు, ఆవిడా లేదు."

"ఇంకొకడున్నాడు. వాడి తండ్రి."

బయట జీపు ఆగిన చప్పుడైంది. నూరిపా సమోవర్ కుళాయి కట్టేసి, ఎదురుగా ఉన్న ఖాళీ గిన్నెను బోర్లించింది. కిటికీ వంక చూడకుండానే అది ఎవరి జీపో ఆమెకు తెలిసిపోయిందని సైకాల్‌కి అర్థమైంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ గిన్నె నిండాలి. అది బోర్లా పడిందంటే వచ్చేవాడికి ఆ చేతి టీ ఎన్నడూ దక్కలేదన్నమాట.

కుబాత్ బూట్లు విప్పకుండానే లోపలికొచ్చాడు. "ఆపా, ఈవిడ మాటలు చెవిన పెట్టకండి. రేపు మీరు ఎక్కడికీ రానక్కర్లేదు. ఒంట్లో బాలేదని డాక్టరు చేత నేను రాయించుకొస్తాను."

"నా ఒళ్ళు బాగానే ఉంది" అంది ముసలామె.

"బాగుండదు. ఈ వయసులో కోర్టు మెట్లెక్కితే బాగుండదు."

సైకాల్ లేచి నిలబడింది. కోటు ముందుకి లాక్కుంది. "ఒక్క సందేహం తీర్చి పో. ఉలాన్ ఎంగిలి పసివాడిదాంతో కలవదని నీకు ముందే తెలుసు. అందుకే వాణ్ణి తీసుకెళ్ళావు, అందుకే ఆపాని రానివ్వలేదు. ఉలాన్ ఈ ఇంటి మగవాళ్ళ బిడ్డ కాదని తెలిసినవాళ్ళు ఇవాళ ముగ్గురే బతికున్నారు. ఇద్దరు ఇక్కడ నల్లబట్టల్లో ఉన్నారు."

"నీకు పిచ్చెక్కింది."

"కన్నానని నోరు తెరిచి చెప్పుకోలేవు. అందుకని చాటుగా ఒక ఇల్లిచ్చి రుణం తీర్చుకుందామనుకున్నావు. ఆ ఇల్లు ఒక పసివాడి కింద నుంచి లాగి ఇస్తున్నావు, అంతే తేడా."

"మూడో మనిషి ఎవరు?"

ఆ గొంతు విని అందరూ తిరిగారు. ఉలాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎంత విన్నాడో ముఖం చూస్తే తెలుస్తోంది. అతను సైకాల్‌ని అడగలేదు, ముసలామెనీ అడగలేదు. నూరిపా వంక చూస్తున్నాడు, ఈసారి ఎజె అని పిలవలేదు.

నూరిపా కళ్ళు మూసుకోలేదు. "నీ నోట్లో పుల్ల పెట్టించినవాడే" అంది. "ఠాణాలో కాగితాలు రాయడానికి మనిషి కావాలని నన్ను పిలిపించాడు. నాకు పదిహేడేళ్ళు. ఇంతకంటే అడక్కు."

మన దగ్గర మగబిడ్డకు మాటలు రాగానే ఏడు తరాల తండ్రుల పేర్లు నేర్పుతారు. ఉలాన్‌కి అవి మెలిస్ నేర్పాడు, గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని, తప్పు చెప్పినప్పుడల్లా చెవి మెలేసి. ఆ పేర్లు ఇప్పుడు అతని పెదాల మీద చప్పుడు లేకుండా కదిలాయి. ఏడోదాకా వచ్చి ఆగిపోయాయి.

"ఇవి నావి కావన్నమాట" అన్నాడు కుబాత్ వైపు తిరిగి. "అయితే నావి చెప్పు."

కుబాత్ గుమ్మం వైపు అడుగు వేశాడు.

"ఏడూ చెప్పు. నీ బాబు దగ్గర్నుంచి మొదలెట్టు. చోల్పోన్ వదినని ఊళ్ళో నా చేత ఎన్ని మాటలనిపించావో, అన్నీ వినబడేలా చెప్పు." ఉలాన్ వెనక్కి చెయ్యి చాపి తలుపు మూసి గడియ వేశాడు. "చెప్పేదాకా ఎవరూ బయటికి పోరు. రేపు ఆపాని కోర్టుకి నేనే తీసుకెళ్తా."

"గడియ తియ్యరా" అన్నాడు కుబాత్. గొంతు మారిపోయింది. "తియ్యి, నాన్నా."

ఆ పిలుపు విని ఉలాన్ ముఖం తెల్లబోయింది. గడియ మీద చెయ్యి అలాగే ఉంది.

కుబాత్ కుడిచెయ్యి తోలుకోటు లోపలికి పోయింది. పాత రోజుల్లో ఆ చెయ్యి అటు పోతే అది సిగరెట్టు కోసం కాదు, తుపాకీ కోసమని సైకాల్‌కి తెలుసు. అతని చూపు ఉలాన్ మీద లేదు. రేపు కోర్టులో నోరు తెరవబోయే ముసలామె మీద ఉంది.

సైకాల్ రొట్టె మూట దాటుకుని ఆ చూపుకి అడ్డంగా నిలబడింది.